రిసీవర్ బోర్డు బాగుచేసే అబ్బాయికి ఏ సీటు తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ర్యాంకు మధ్యస్తంగా వచ్చింది. కన్వీనర్ కోటాలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గాని ఈఈఈ (ఎలక్ట్రికల్) గాని రావచ్చు. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ) కావాలంటే మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కోవాలి. అందుకు అర ఎకరం అమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. వాడు మాత్రం ఎలక్ట్రానిక్సే చదువుతానంటున్నాడు. సెలవులు వస్తే మేనమామ షాపులో కూర్చుని పాత హోమ్ థియేటర్ రిసీవర్ల బోర్డులు బాగుచేస్తుంటాడు. చివరికి వాడు కూడా అలాంటి షాపే పెట్టుకుంటాడేమోనని నా భయం. ఏ కోర్సు మంచిదో పోల్చి చెప్పండి. వాడి ధ్యాస ఎక్కడుందో మీకు తెలియడానికి వాడి నోటుపుస్తకంలోని పేజీలు ఫొటోలు తీసి పంపుతున్నాను.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న ప్రతి ఏటా సీట్ల కేటాయింపు మొదలయ్యే రోజుల్లో నాకు వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మారుతుంది గాని, అడిగే గొంతులోని ఆందోళన మారదు. మీరు పోలిక అడిగారు, తప్పక చెబుతాను. అయితే మీ ఉత్తరంలో జీతం మాట ఎక్కడా లేదు, షాపు మాట మాత్రం రెండుసార్లు వచ్చింది. అబ్బాయికి పని దొరకదేమోనన్న భయం కంటే, "మీవాడు ఏం చేస్తున్నాడు?" అని బంధువులు అడిగితే ఏం చెప్పాలన్న బెంగే మీలో ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. ముందుగా ఆ బెంగ సంగతే మాట్లాడుకుందాం.

మీరు ఫిర్యాదుగా పంపిన ఆ పేజీలను నేను రెండుసార్లు చదివాను. పాత సామాన్ల వ్యాపారి దగ్గర 1,500 రూపాయలకు కొన్న, అయిదు స్పీకర్లను నడిపే అయిదు ఛానళ్ల రిసీవర్ అది. స్విచ్ వేయగానే రిలే (దానంతట అదే పనిచేసే లోపలి స్విచ్) టక్కుమని కలుస్తుంది, మూడు సెకన్లలో తెగిపోతుంది, ఎర్ర లైటు మిణుకుమంటుంది. లోపల ఏదో ప్రమాదముందని గ్రహించి సెట్టు తనను తాను ఆపేసుకునే స్థితి అది. మీ అబ్బాయి మొదట స్పీకర్ వైర్లన్నీ తీసేసి చూశాడు. అయినా ఆగిపోతోంది కాబట్టి లోపం పెట్టె లోపలే ఉందని రాసుకున్నాడు. తర్వాత 100 వాట్ల పాత బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇచ్చాడు. బల్బు భగ్గున వెలిగి, రిలే తెగగానే ఆరిపోయింది. అంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఆ పద్ధతిలో విద్యుత్ ప్రవాహానికి బల్బే అడ్డు నిలుస్తుంది కనుక మిగిలిన భాగాలు మాడిపోకుండా ఉంటాయి. అనుభవమున్న మెకానిక్‌లు చేసే పని ఇది.

ఆ తర్వాతి పేజీలో ఒక చిన్న పట్టిక ఉంది. అయిదు ఛానళ్లలో స్పీకర్లకు కరెంటు పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను, సెట్టు ఆపి, మల్టీమీటర్‌తో ఒకదాని తర్వాత ఒకటి కొలిచాడు. నాలుగు ఛానళ్లలో అంకెలు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఎడమవైపు ముందు స్పీకర్ ఛానల్లో మాత్రం దాదాపు సున్నా ఓమ్‌లు చూపింది, దాని పక్కనున్న 0.22 ఓమ్ రెసిస్టర్ తెగిపోయింది. చేతిలో సర్క్యూట్ పటం లేకపోయినా, అదే బోర్డులో బాగున్న ఛానల్‌నే పటంగా వాడుకున్నాడు. ఈ ఉపాయం వాడికి మేనమామ నేర్పాడా, వాడికే తట్టిందా అన్నది మీరు అడిగి తెలుసుకోండి.

నన్ను ఆపేసిన పేజీ దాని తర్వాతిది. షాపుల్లో అందరూ 5200-1943 జత అని పిలిచే ట్రాన్సిస్టర్లను కొత్తవి వేశాడు. సెట్టు పది నిమిషాలు పాడి, మళ్లీ కాలిపోయింది. ఈ దశలో చాలామంది "నకిలీ పార్టులు ఇచ్చాడు" అని కొట్టువాణ్ణి తిట్టుకుని ఇంకో జత వేస్తారు. ఈ జతలో నకిలీలు విరివిగా ఉన్న మాట కూడా నిజమే. మీ అబ్బాయి మాత్రం "పది నిమిషాలు ఎందుకు పాడింది?" అని రాసుకుని, ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు. వేడెక్కిన తర్వాతే కాలింది కనుక, వేడికి విడిపోయేది ఏదో ఉండాలని ఊహించాడు. హీట్‌సింక్‌కు ఆనించి బిగించిన చిన్న బయాస్ ట్రాన్సిస్టర్ (పెద్దవాటిలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది) కాలి దగ్గర, టంకం చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపించింది. వేడికి ఆ కాలు విడిపోగానే బయాస్ వోల్టేజి అమాంతం పెరిగి, పెద్ద ట్రాన్సిస్టర్లలోకి హద్దు లేకుండా కరెంటు పారుతుంది. మళ్లీ టంకం పెట్టి, మూడో జత వేసి, ఈసారి ఆ 0.22 ఓమ్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు కొలుస్తూ అరగంట కూర్చున్నాడు. అంకె నిలకడగా ఉందని రాసి, ఆ రాత్రి తేదీ వేసుకున్నాడు.

అయ్యా, పదిహేడేళ్ల పిల్లవాడు కాలిపోయిన భాగాన్ని మార్చడంతో తృప్తిపడక, అది కాలడానికి కారణమైన దాన్ని వెతికి పట్టుకున్నాడు. ఈ అలవాటును నాలుగేళ్ల ఇంజినీరింగ్ తర్వాత కూడా అందరిలోనూ చూడలేము. దీన్ని మీరు "వాడి ధ్యాస ఎక్కడుందో" అనే మాటతో పంపడం నన్ను బాధపెట్టింది. కఠినంగా అంటున్నందుకు క్షమించండి. మీరు ఒక్కసారైనా ఆ బల్ల దగ్గర కూర్చుని, వాడు ఏం కొలుస్తున్నాడో, ఎందుకు కొలుస్తున్నాడో అడిగి ఉంటే, అర ఎకరం అమ్మే ఆలోచన మీకు వచ్చి ఉండేది కాదు.

ఇక ఏఐ-ఎంఎల్ శాఖ విషయం. ఆ విద్య మీద నాకు ఏ అనుమానమూ లేదు. దాన్ని మనవాళ్లు కొంటున్న తీరు మీదే నా అనుమానమంతా. మంచి పనితీరు ఉన్న కళాశాలలకు ఒక్కో శాఖలో ఉండే సీట్ల గరిష్ఠ పరిమితిని, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేసింది. గిరాకీ ఉన్న చోట సెక్షన్లు పెరుగుతాయి. వాటికి తగ్గట్టు ఈ విషయం తెలిసిన అధ్యాపకులు రాత్రికి రాత్రి పుట్టుకురారు. నా దగ్గరకు వచ్చే విద్యార్థులు తమ పాఠ్యప్రణాళికలు చూపిస్తుంటారు. మామూలు సీఎస్‌ఈకీ దీనికీ తేడా చివరి రెండేళ్లలోని కొన్ని సబ్జెక్టులే. ఆ సబ్జెక్టులకు పునాది లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత. ఆ గణితం మీద ఇష్టం లేకుండా చేరినవారు రెడీమేడ్ ప్రోగ్రాములు నడిపించడం నేర్చుకుని బయటకు వస్తారు. ఆ పనిని యంత్రాలే చేయడం ఇప్పటికే మొదలైంది. డిగ్రీ పట్టా మీద శాఖ పేరు చూసి ఉద్యోగం ఇస్తారనుకోవడం కూడా పొరపాటే. ఐటీ సేవల సంస్థలు ఈసీఈ, ఈఈఈ వాళ్లను కూడా తీసుకుంటాయి. ప్రోగ్రామింగ్ వచ్చిందా లేదా అన్నదే అక్కడ చూసేది. కన్వీనర్ కోటాలో వచ్చే ఈసీఈ సీటును వదులుకుని, పొలం అమ్మి, ఇష్టంలేని శాఖలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి ఒక్క సమర్థనీయమైన కారణం నాకు దొరకలేదు.

ఇదే నిజాయితీతో రెండో వైపు కూడా చెప్పాలి. ఇప్పుడు ఈసీఈ వాళ్లకు చిప్పుల తయారీ అనే కొత్త ఆశ చూపిస్తున్నారు. కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకాన్ని ఆమోదించిన మాట వాస్తవమే. కానీ చిప్ డిజైన్‌లో చెప్పుకోదగ్గ పని దొరకాలంటే ఎంటెక్ దాకా వెళ్లాల్సిన వాళ్లే ఎక్కువ. బీటెక్‌లో చేరగానే ఆ తలుపులు తెరుచుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాగే హోమ్ థియేటర్ రిసీవర్లనే నమ్ముకుని జీవితాంతం బతకవచ్చని కూడా నేను అనను. ఇళ్లలో వాటి చోటును సౌండ్‌బార్లు ఆక్రమిస్తున్నాయి. కొత్త సెట్లలో హెచ్‌డీఎంఐ బోర్డు పోతే, అడుగున వందల టంకం చుక్కలతో అతికిన చిప్పును చిన్న షాపులో తీసి వేయడం కష్టం. కంపెనీ బోర్డు మొత్తం మార్చమంటుంది, ఆ ధరకు జనం కొత్త సెట్టే కొనుక్కుంటారు. మీ బావమరిదిగారికి ఈ సంగతి నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

అయితే ఈ అబ్బాయి నేర్చుకున్నది రిసీవర్ ఒక్కటే కాదు. షార్ట్ ఎక్కడుందో వెతకడం, వేడికి విడిపోయే అతుకును పట్టుకోవడం, బాగున్న భాగంతో పోల్చి చూడడం సోలార్ ఇన్వర్టరులోనూ, ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జరులోనూ, ఫ్యాక్టరీ మోటార్లను నడిపే డ్రైవ్ బోర్డులోనూ, ఆసుపత్రి మానిటరులోనూ అవే పనులు. ఒక మిల్లు ఆగిపోతే గంటకు జరిగే నష్టం ఎంతో తెలిసిన యజమాని, ఆ బోర్డును బాగుచేసేవాణ్ణి "రిపేరువాడు" అని చిన్నచూపు చూడడు. బోర్డు మరమ్మతుకు ఐపీసీ పేరుతో అంతర్జాతీయ ప్రమాణాలు, శిక్షణ, సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. మన దగ్గరే చూడండి: ఎన్నికల ఓటింగ్ యంత్రాలను తయారుచేసేవి ప్రభుత్వ సంస్థలైన బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), ఈసీఐఎల్. మీ తెనాలికి దగ్గర్లోని మచిలీపట్నంలో బెల్ కర్మాగారం ఉంది, ఈసీఐఎల్ హైదరాబాదులో ఉంది. ఒకప్పుడు మన ఇళ్లలో ఉన్న ఈసీ టీవీని తయారుచేసింది ఆ ఈసీఐఎలే. ఇలాంటి చోట్ల పరీక్షా విభాగాల్లో చేసే పనికీ, మీ అబ్బాయి ఆ పట్టిక రాసిన పనికీ మూలం ఒకటే.

కాబట్టి నా సలహా ఇది. మొదటి ఎంపిక ఈసీఈ. అయితే ల్యాబ్ బాగాలేని ఈసీఈ కంటే, పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ బాగున్న ఈఈఈ ఈ అబ్బాయికి మేలు. ఆప్షన్లు పెట్టుకునే ముందు మూడు నాలుగు కళాశాలలకు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. భవనాలు మీరు చూడండి, ల్యాబ్ మాత్రం వాణ్ణి చూడనివ్వండి. విద్యుత్ తరంగాలను తెర మీద చూపే ఆసిలోస్కోపులు ఎన్ని పనిచేస్తున్నాయో, పాడైనవాటిని ఎవరు బాగుచేస్తారో, సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబ్ తెరిచి ఉంటుందో లేదో వాడే అడగాలి. ఏ కళాశాలలో ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెబుతారో ఆ పేరు పైన పెట్టండి. చదువుతూనే ప్రోగ్రామింగ్ నేర్చుకోమని చెప్పండి. ప్రోగ్రాముతో నడిచే చిప్పు (మైక్రోకంట్రోలర్) లేని బోర్డు ఇప్పుడు అరుదు. పొలాన్ని ముట్టుకోకండి. మేనమామ షాపును కూడా మానిపించకండి.

వాణ్ణి మందలించవలసింది ఒక్కచోటే ఉంది. ఆరో పేజీలో "కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో డిశ్చార్జ్ చేశాను, నిప్పురవ్వ వచ్చింది" అని గొప్పగా రాసుకున్నాడు. ఆ పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో సెట్టు ఆపిన తర్వాత కూడా ఒక్కోదానిలో 60 వోల్టులకు అటూ ఇటూ నిలిచి ఉండవచ్చు. రెండు కెపాసిటర్ల చెరో చివరా కలిసేలా చేయి పడితే 100 వోల్టులు దాటుతుంది. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించుకుని, ఒక్కో కెపాసిటర్‌కు నిమిషం చొప్పున పట్టుకుని, ఆ తర్వాత మీటరుతో సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే బోర్డు మీద చేయి వేయాలి. మీరు ఆ రెసిస్టరూ క్లిప్పులూ కొనుక్కుని, ఈ ఆదివారం షాపుకు వెళ్లి, మీ చేతులతోనే వాడికి ఇవ్వండి.