సంఘంలో చేరాలా, వద్దా? కొత్త ఉపాధ్యాయిని తండ్రికి సమాధానం

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక గ్రామం. కొబ్బరి దింపు, వలుపు పనులు చేసి ఇద్దరు ఆడపిల్లలను చదివించాను. పెద్దమ్మాయి 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) ఎంపికై ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తోంది. చేరిన నెల తిరక్కుండానే మూడు సంఘాల వాళ్లు రశీదు పుస్తకాలతో వచ్చారు. మా బావమరిది మాత్రం, సంఘాలంటే రాజకీయమేనని, ప్రొబేషన్ అయ్యేదాకా వాటి జోలికి పోవద్దని అంటున్నాడు. సంఘంలో చేరితే జీతం, శిక్షణ, పదోన్నతి విషయాల్లో ఉపయోగం ఉంటుందా, లేక నష్టమా? చిన్నమ్మాయి అమలాపురంలో ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతోంది. ఆమెకు కూడా ఏదైనా సంఘం అండ దొరుకుతుందా?

సమాధానం:

అయ్యా,

పెద్దమ్మాయిని సంఘంలో చేరమనండి. అయితే ముందుగా ఏ రశీదు పుస్తకం వచ్చిందో అందులో చేరడం కాకుండా, తన మండలంలో ఏ సంఘం ఏం పని చేస్తున్నదో చూసుకుని చేరమనండి. ఇరవై ఆరేళ్లు ఈ గోదావరి జిల్లాల్లోనే పాఠాలు చెప్పి, ఇప్పుడు పిల్లలకు ఉద్యోగాల దారి చెబుతున్నవాడిగా ఈ మాట అంటున్నాను. నా సర్వీసులో జీతం గురించి నేను నేర్చుకున్నదానిలో సగం సంఘం పెద్దల దగ్గర నేర్చుకున్నదే.

ముందు మీ బావమరిది గారి భయం సంగతి చూద్దాం. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చినది. సంఘ సభ్యత్వం ఉన్నదన్న కారణంతో ఎవరి ప్రొబేషనూ ఆగదు. మూడేళ్ల వ్యవధిలో రెండేళ్ల సర్వీసును తృప్తికరంగా పూర్తి చేస్తే ప్రొబేషన్ పూర్తవుతుంది. అయితే సభ్యత్వం వేరు, సమ్మె వేరు. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో చెప్పింది. మన రాష్ట్రంలో 1964 నాటి ప్రవర్తనా నియమాలు సమ్మెలను, రాజకీయ పార్టీల సభ్యత్వాన్ని నిషేధిస్తున్నాయి. అందుచేత సభ్యురాలైనంత మాత్రాన ప్రతి పిలుపుకూ వెళ్లి తీరవలసిన అవసరం ఆమెకు లేదు. ప్రొబేషన్ కాలంలో బడి వేళ దాటిన తరువాత జరిగే సమావేశాలకు వెళ్లి, చెప్పేది వినడం చాలు.

సంఘాలలో రాజకీయం అసలే లేదని చెబితే మిమ్మల్ని మభ్యపెట్టినట్లవుతుంది. మన ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి 2021లో శాసనమండలికి గెలిచిన షేక్ సాబ్జీ గారు యూటీఎఫ్ అనే ఉపాధ్యాయ సంఘం నాయకులే. 2023 డిసెంబరులో ఆయన రోడ్డు ప్రమాదంలో మరణించగా, 2024 డిసెంబరులో జరిగిన ఉప ఎన్నికలో బొర్రా గోపీమూర్తి గారు గెలిచారు. ఉపాధ్యాయుల సమస్యలు సభలో వినిపించే దారి అది, దానిలో నాకు తప్పు కనిపించదు. అయితే ఒక సంగతి మీ అమ్మాయికి తెలిసి ఉండాలి. ఈ ఎన్నికలో ఓటు మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో కనీసం మూడేళ్లు బోధించినవారికే ఉంటుంది కాబట్టి, ప్రాథమిక పాఠశాల ఎస్జీటీకి ఓటు లేదు. ఓటు లేని సభ్యురాలి సర్వీసు పనికి కూడా మండల కార్యదర్శి ఎంత శ్రద్ధగా తిరుగుతాడో గమనిస్తే ఆ సంఘం నాణ్యత తెలిసిపోతుంది.

ఇక జీతం. మీ అమ్మాయి మూల వేతనం 32,670 రూపాయలు. ఏడాది సర్వీసు పూర్తి కాగానే 920 రూపాయల ఇంక్రిమెంటు కలిసి 33,590 అవుతుంది. మొదటి రోజు నుంచే పూర్తి స్కేలు రావడం ఆమెకు సహజంగా కనిపించవచ్చు. నా ముందు తరంలో నెలకు 398 రూపాయలతో స్పెషల్ టీచర్లుగా చేరి ఏళ్ల తరబడి పనిచేసినవారు ఉన్నారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు (లెక్క కోసం కలిపే ఇంక్రిమెంట్లు) ఇవ్వాలని అడుగుతూ వారిలో చాలామంది పదవీ విరమణ వయసుకు వచ్చేశారు. ఆ తరువాత చేరినవారు అప్రెంటిస్ పేరుతో తక్కువ జీతానికి పనిచేశారు. ఆ విధానాలు వాటంతట అవి పోలేదు. ఉపాధ్యాయ సంఘాలలో ఏపీటీఎఫ్ 1947 నుంచి, యూటీఎఫ్ 1974 నుంచి ఉన్నాయి. ఎస్టీయూ, పీఆర్టీయూ వంటివి కూడా దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. వీటన్నిటి విజ్ఞాపనలు, ధర్నాలు, చర్చలు కలిస్తేనే ఈనాటి జీతపు పట్టీ తయారయింది.

దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2022 జనవరిలో పదకొండవ పీఆర్సీ (వేతన సవరణ సంఘం) ఉత్తర్వులు వచ్చినప్పుడు, చిన్న ఊళ్లలో పనిచేసేవారి ఇంటి అద్దె భత్యాన్ని 8 శాతానికి కుదించారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు వేల సంఖ్యలో తరలివెళ్లారు. తరువాత జరిగిన చర్చలలో ఆ భత్యం 10 శాతానికి పెరిగింది, అంతకుముందు చెల్లించిన మధ్యంతర భృతిని తిరిగి రాబట్టే ఆలోచన కూడా ఆగిపోయింది. మీ అమ్మాయి జీతంలో లెక్క వేస్తే 8 శాతానికి 2,613 రూపాయలు వచ్చేవి, ఇప్పుడు 3,267 వస్తున్నాయి. నెలకు 650 రూపాయలకు పైగా తేడా, అదీ ఆమె ఉద్యోగంలో చేరకముందే ఎవరో రోడ్డెక్కి నిలబెట్టినది. అదే చర్చలలో ఫిట్‌మెంటు (మూల వేతనం మీద ఇచ్చే పెంపు) మాత్రం 23 శాతం దగ్గరే ఉండిపోయింది. అప్పటికే తీసుకుంటున్న 27 శాతం మధ్యంతర భృతి కంటే అది తక్కువ కావడంతో ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని అంగీకరించలేదు. సంఘం అడిగినదల్లా రాదు. రాని చోట కూడా ఎందుకు రాలేదో సభ్యులకు లెక్కలతో వివరించే సంఘాన్ని నేను గౌరవిస్తాను.

పీఆర్సీలు అయిదేళ్లకోసారి వస్తాయి. ఉపాధ్యాయుడికి అసలు నష్టం తరచుగా సర్వీసు రిజిస్టరులోనే జరుగుతుంది. నా సంగతే చెబుతాను. సర్వీసు తొలినాళ్లలో నేను అర్ధవేతన సెలవు పెట్టుకున్న నలభై రోజులను, అప్పట్లో నా రిజిస్టరు చూసే కార్యాలయంలో జీతనష్టపు సెలవుగా నమోదు చేశారు. దానితో నా ఇంక్రిమెంటు తేదీ వెనక్కి జరిగింది. ఆ సంగతి నాకు మూడేళ్లపాటు తెలియనే తెలియదు. తెలుగు పండితులైన మా మండల సంఘం కార్యదర్శి ఒక శనివారం సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని నా రిజిస్టరు నకలును పేజీ పేజీ తిప్పుతూ, పెన్సిలుతో ఒక వరుస కింద గీత గీసి, "ఈ సెలవు మంజూరు ఉత్తర్వు నీ దగ్గర ఉందా బాబూ?" అని అడిగారు. ఉంది, ట్రంకు పెట్టెలో, పెళ్లి శుభలేఖల కింద. అర్జీ తాను రాసి పెట్టకుండా, నా చేతనే మూడుసార్లు రాయించారు. నాలుగు నెలల తరువాత తేదీ సరిచేసి బకాయి ఇచ్చారు. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది గానీ, రిజిస్టరు చదవడం మాత్రం ఆయన పుణ్యాన నాకు అబ్బింది. మీ అమ్మాయిని కూడా నియామక ఉత్తర్వు, చేరిక నివేదిక, ప్రతి సెలవు మంజూరు, ప్రతి ఇంక్రిమెంటు ఉత్తర్వు ఒకే ఫైలులో పెట్టుకోమని చెప్పండి. లంకలో ఇల్లు కాబట్టి ఒక నకలు వరద నీరు చేరని చోట, ఒకటి ఫోనులో ఉండాలి.

సంఘం వల్ల ఆమెకు దగ్గరలో కలిగే మరో ప్రయోజనం బదిలీలది. 2025 జూన్‌లో ఎస్జీటీల బదిలీలకు వెబ్ కౌన్సెలింగ్ వద్దని, కోరుకునే వందలాది పాఠశాలలను ఆన్‌లైన్‌లో క్రమసంఖ్యలతో నింపడం అసాధ్యమని సంఘాలు ఆందోళన చేసిన తరువాతే ప్రభుత్వం మాన్యువల్ కౌన్సెలింగ్‌కు, అంటే ఎదురుగా హాజరై బడి కోరుకునే పద్ధతికి, ఒప్పుకుంది. రోజూ రేవు దాటి బడికి వెళ్లేవారికి ఏ ఊరు కోరుకోవాలన్నది ఎంత పెద్ద నిర్ణయమో మీకు నేను చెప్పనక్కరలేదు.

శిక్షణ విషయంలో సంఘాల మీద నాకు ఫిర్యాదు ఉంది. జీతాల మీద చూపినంత పట్టుదల వృత్తి నైపుణ్యం మీద చాలా సంఘాలు చూపడం లేదు. శిక్షణ తరగతుల తేదీలు సెలవుల్లో పడ్డాయని అభ్యంతరం చెప్పినంత గట్టిగా, ఆ తరగతుల్లో చెప్పినది ఏకోపాధ్యాయ పాఠశాలకు పనికొస్తుందా అని అడగడం తక్కువ. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలని చెప్పింది. ప్రభుత్వ నిష్ఠా శిక్షణలు, దీక్షా ఆన్‌లైన్ వేదిక మీది కోర్సులు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఆ గంటలను నింపుతున్నాయి. తూర్పున బొమ్మూరులో, పశ్చిమాన దూబచర్లలో డైట్ (ఉపాధ్యాయ శిక్షణ) కళాశాలలు ఉన్నాయి. వనరులు లేవనలేం. అయితే ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చోబెట్టుకునే టీచరుకు, వీడియో చూసి క్విజ్ రాస్తే దొరకనిది ఒకటి ఉంటుంది. అది సాటి టీచరు పాఠం చెబుతుండగా దగ్గర కూర్చుని చూడటం.

అది సంఘం వేదిక మీద జరగడం నేను చూశాను. కోనసీమలో ఒక ఆదివారం మండల సమావేశంలో డీఏ బకాయిల చర్చ ముగిశాక, పాతికేళ్ల సర్వీసున్న ఒక ఎస్జీటీ సంచీలోంచి కొబ్బరి ఈనె పుల్లలు తీశారు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు కొన్ని, విడి పుల్లలు కొన్ని. 42లోంచి 17 తీసివేయాలంటే విడి పుల్లలు రెండే ఉన్నాయి, ఏడు ఎలా ఇస్తారని మమ్మల్నే పిల్లలనుకుని అడిగారు. ఒక కట్ట విప్పి రెండింటితో కలిపితే పన్నెండు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో అక్కడున్న కొత్త టీచర్లకు ఆ పది నిమిషాల్లో కళ్లకు కట్టింది. మరుసటి వారం ఆ మండలంలో ఎన్ని బడుల్లో ఈనె పుల్లల కట్టలు తయారయ్యాయో! ఇలాంటి అరగంట ప్రతి సమావేశంలో ఉండాలని మీ అమ్మాయి సభ్యురాలిగా అడగవచ్చు, అడగాలి కూడా. ఉపాధ్యాయుల హోదాపై 1966 అక్టోబరు 5న వెలువడిన అంతర్జాతీయ సిఫార్సు సైతం ఉపాధ్యాయ సంఘాలను విద్యాభివృద్ధికి తోడ్పడే శక్తిగా గుర్తించి, విద్యావిధానాల రూపకల్పనలో వాటికి చోటు ఉండాలని చెప్పింది. ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం ఆ తేదీనే జరుగుతుంది.

పదోన్నతికి మాత్రం పునాది ఆమే వేసుకోవాలి. ఎస్జీటీగా ఎంపికైంది కాబట్టి డి.ఎడ్. ఉన్నదని అర్థం. డిగ్రీ, బి.ఎడ్. కూడా ఉన్నాయో లేదో మీరు రాయలేదు. స్కూల్ అసిస్టెంటు కావాలంటే అవి కావాలి. పదోన్నతి లేకపోయినా పన్నెండేళ్లకు వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలుకు కూడా పైస్థాయి అర్హతలు చూస్తారు. చదువు మొదలుపెట్టే ముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అది లేక సర్టిఫికెట్టు వచ్చాక చిక్కుపడినవారిని నేను ఎరుగుదును. స్కూల్ అసిస్టెంటు అయ్యాక ఈఓటీ, జీఓటీ అనే శాఖాపరమైన పరీక్షలు ఉంటాయి, వాటికి చాలా చోట్ల సంఘాలే శిక్షణ ఏర్పాటు చేస్తాయి. 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు పదోన్నతికి టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తప్పనిసరి అన్నది కాబట్టి, పైస్థాయి టెట్ పేపరు కూడా ఇప్పుడు, చదువు అలవాటు పోకముందే, రాసెయ్యడం మంచిది. టెట్ లేకుండానే ఎప్పుడో చేరిన సీనియర్ల విషయంలో ఆ తీర్పు తెచ్చిన ఇబ్బంది మీద సంఘాలు పోరాడటం న్యాయమే. మీ అమ్మాయి మాత్రం ఆ ఫలితం కోసం ఆగనక్కరలేదు.

ఏ సంఘమో నేను పేరు చెప్పను. మండల కార్యదర్శిని కలిసి, ఈ సంవత్సరం మీరు ఎవరెవరి సర్వీసు సమస్యలు పరిష్కరించారు, తరగతి గది గురించి ఎన్ని సమావేశాలు పెట్టారు, కమిటీలో మహిళలు ఎందరున్నారు అని అమ్మాయినే అడగమనండి. శిశు సంరక్షణ సెలవు 60 రోజుల నుంచి 180 రోజులకు పెరిగినది 2022లోనే. ఇటువంటి అవసరాలు ఆడవారు కమిటీలో కూర్చున్నప్పుడే గట్టిగా వినిపిస్తాయి. బడి ఎగ్గొట్టడానికి అండగా ఉంటామనో, కోరుకున్న చోట డిప్యుటేషన్ వేయిస్తామనో ఎవరైనా చెబితే వారికి దూరంగా ఉండటమే మంచిది.

చిన్నమ్మాయి పరిస్థితి వేరు, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నదీ అదే. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు సుందరాంబాళ్ కేసులో చెప్పడంతో, ఉద్యోగం నుంచి తీసివేసినప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న దారి ప్రైవేటు టీచరుకు లేకుండా పోయింది. 2020 కరోనా నెలల్లో జీతాలు ఆగిపోయి, ఎందరు ప్రైవేటు టీచర్లు కూలి పనులకు, కూరగాయల బండ్లకు మళ్లారో చూశాం. ప్రైవేటు ఉపాధ్యాయుల సంఘాలు ఉన్నాయి గానీ, ప్రభుత్వ ఉపాధ్యాయ సంఘాలకున్న బలం వాటికి ఇంకా రాలేదు. అయినా ఆమె చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 2009 సవరణతో ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా, వచ్చింది. యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది. ఇరవై మంది, ఆపైన సిబ్బంది ఉన్న పాఠశాలకు భవిష్యనిధి (పీఎఫ్) వర్తిస్తుంది. ఈ రెండింటికీ ఆధారం ఆమె అక్కడ పనిచేస్తున్నట్లు చూపే కాగితమే. అందుకని నియామక పత్రం అడగాలి. జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనాలి, పీఎఫ్ మినహాయిస్తుంటే యూఏఎన్ అనే పీఎఫ్ సభ్యత్వ సంఖ్య తీసుకుని, నెలనెలా డబ్బు జమవుతున్నదో లేదో ఫోనులో చూసుకోవాలి. ఒక్కతే అడిగితే భయమనిపిస్తే, అదే బడిలో పనిచేసే నలుగురు టీచర్లు కలిసి, పేర్లన్నీ ఒకే కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, యాజమాన్యానికి మర్యాదగా ఇవ్వవచ్చు.