క్యారియర్‌ను చూస్తేనే పారిపోయే పిల్లికి దాన్ని ఎలా అలవాటు చేయాలి?

మీ మూడేళ్ల పిల్లి, దాన్ని బయటకు తీసుకువెళ్లే పెట్టె అయిన క్యారియర్ చప్పుడు వినబడగానే మంచం కిందికి దూరిపోతోందని, రెండు నెలల్లో టీకా వేయించవలసి ఉందని, ఈలోపు దాని భయం పోగొట్టే మార్గం ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది. రెండు నెలల గడువు ఈ పనికి సరిపోతుంది. మా పిల్లి చుక్కతో రెండేళ్లపాటు ఇదే కష్టం పడ్డాము కాబట్టి, మాకు కలిసివచ్చిన పద్ధతితో పాటు మేము చేసిన తప్పులు కూడా చెబుతాను.

మేము క్యారియర్‌ను అటక మీద దాచి, వైద్యుని దగ్గరకు వెళ్లే రోజున మాత్రమే కిందికి దించేవాళ్లం. దించిన పావుగంటకల్లా ఇద్దరం కలిసి చుక్కను మూలకు తరిమి, పట్టుకుని, లోపలికి తోసి తలుపు వేసేవాళ్లం. పిల్లి వైపు నుంచి చూస్తే, ఆ పెట్టె కనబడిన ప్రతిసారీ తనను వెంటాడారు, ఇరుకులో బంధించారు, కుదుపుల్లో ఎక్కడికో తీసుకువెళ్లారు, చివరికి సూది గుచ్చారు. ఒక్కసారి కూడా ఈ వరుస తప్పలేదు. అటువంటప్పుడు అది పారిపోవడాన్ని మొండితనం అనడం అన్యాయం. దాన్ని అంతగా భయపెట్టింది మేమేనన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుచేత మొట్టమొదట చేయవలసింది ప్రయాణానికీ క్యారియర్‌కూ ఉన్న ముడిని విప్పడం. పెట్టెను ఇవాళే బయటకు తీసి, పిల్లి రోజూ పడుకునే గదిలో, మనుషులు అడ్డంగా తిరగని ఒక మూలన, శాశ్వతంగా అక్కడే ఉండే సామానులాగా పెట్టండి. దానికి ముందు శుభ్రంగా కడగండి. గత ప్రయాణంలో భయంతో అందులో మూత్రం పోసి ఉంటే మామూలు సబ్బుతో ఆ వాసన పూర్తిగా పోదు, ఎంజైములతో పనిచేసే క్లీనర్ వాడవలసి వస్తుంది. అమ్మోనియా కలిసిన క్లీనర్లు మాత్రం వద్దు, ఎందుకంటే వాటి వాసన మూత్రపు వాసనకు దగ్గరగా ఉంటుంది. కడిగి ఆరబెట్టిన తరువాత, పిల్లి రోజూ పడుకునే దుప్పటినే ఉతకకుండా లోపల పరవండి. పిల్లులు తమ బుగ్గలను వస్తువులకు రుద్ది తమ వాసన అంటిస్తాయి, ఆ వాసన ఉన్నచోట అవి కుదుటపడతాయి. కాబట్టి మెత్తని గుడ్డతో దాని బుగ్గలను నెమ్మదిగా నిమిరి, ఆ గుడ్డను పెట్టె లోపలి అంచులకు రుద్దడం కూడా మంచిదే.

మీది పైభాగం ఊడివచ్చే గట్టి ప్లాస్టిక్ క్యారియర్ అయితే సగం పని అయినట్టే. కొత్తది కొనవలసి వస్తే అటువంటిదే కొనమని నా సలహా. పైభాగాన్నీ తలుపునూ తీసేసి, కింది సగాన్ని మాత్రమే పడకలాగా వాడడంతో మొదలుపెట్టండి. చుక్క మొదటి నాలుగు రోజులు దాని దరిదాపులకు కూడా రాలేదు. నేను పిలవలేదు, ఎత్తి అందులో కూర్చోబెట్టలేదు. దానికి ప్రాణమైన ఉడికించిన మాంసం ముక్కలను మొదట పెట్టెకు రెండడుగుల దూరంలో, తరువాత అంచు పక్కన, తరువాత లోపల పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఆ తాయిలం మరెక్కడా, మరెప్పుడూ పెట్టేదాన్ని కాదు. పదో రోజున అది తనంతట తానే లోపల ముడుచుకుని పడుకుంది. అప్పుడు గాని పైభాగం బిగించలేదు, ఆ తరువాత మరో వారానికి గాని తలుపు పెట్టలేదు.

నేను దెబ్బతిన్నది తలుపు దగ్గరే. అది లోపల హాయిగా తింటూ ఉంటే, ఇక అలవాటైపోయిందని తొందరపడి, ఒకేసారి ఐదు నిమిషాలు తలుపు మూసి ఉంచాను. అరిచింది, గోళ్లతో జాలీని పీకింది, ఆ కంగారులో నేను తలుపు తీశాను. ఆ తరువాత రెండు వారాలు మళ్లీ పెట్టె ముఖం చూడలేదు. మళ్లీ పైభాగం తీసి మొదటి నుంచి రావలసి వచ్చింది. రెండోసారి తలుపును తాకడం, సగం మూయడం, పూర్తిగా మూసి రెండు క్షణాల్లో తెరవడం, ఐదు క్షణాలు, పది క్షణాలు, ఇలా పెంచుకుంటూ వెళ్లాను. అది తినడం ఆపి తల ఎత్తి తలుపు వైపు చూసిందంటే ఆ రోజుకు అక్కడితో ఆపేదాన్ని. ఒక్కో పూట రెండు మూడు నిమిషాలకు మించి చేయలేదు. 2018లో ప్రచురితమైన ఒక ఆస్ట్రియా అధ్యయనంలో, పరిశోధకులు కొన్ని పిల్లులకు ఆరు వారాల పాటు ఇలాగే అంచెలంచెలుగా శిక్షణ ఇచ్చినప్పుడు, శిక్షణ లేని పిల్లులతో పోలిస్తే వాటిలో కారు ప్రయాణపు ఒత్తిడి తగ్గినట్టు కనబడింది. కాబట్టి నెమ్మదిగా జరుగుతోందని నిరాశపడకండి.

తలుపు మూసినా నిశ్చింతగా ఉంటోందన్నాక ఎత్తడం మొదలుపెట్టండి. పైనున్న పిడితో పట్టుకుంటే పెట్టె ఊగుతుంది, మన కాలికి తగులుతుంది, అందుకని అడుగున రెండు చేతులూ పెట్టి గుండెకు ఆనించుకుని మోయడం మేలు. గదిలో నాలుగడుగులు, గుమ్మం దాకా, ఆపైన కదలని కారులో, చివరికి వీధి చుట్టూ ఒక చిన్న తిరుగుడు. ముందు సీటు వెనుక నేల మీద పెడితే పెట్టె కదలకుండా ఉంటుంది. పైన పలుచని తువ్వాలు కప్పండి, గాలి ఆడేలా ఒక వైపు మాత్రం వదిలేయండి. పిల్లులను కుదుటపరిచే వాసన ఉండే ఫెరమోన్ స్ప్రే వాడదలిస్తే, పిల్లి లోపల ఉండగా ఎప్పుడూ కొట్టకూడదు. బయలుదేరడానికి పావుగంట ముందే దుప్పటి మీద చల్లితే అందులోని ఆల్కహాల్ ఆవిరైపోతుంది. దారిలో వాంతి చేసుకునే అలవాటుంటే ప్రయాణానికి ముందు కొన్ని గంటలు ఆహారం పెట్టకండి, నీళ్లు మాత్రం ఉంచండి.

ఇంత చేసినా భయం తగ్గని పిల్లులు ఉంటాయి, అది మీ లోపం కాదు. ప్రయాణానికి ముందు ఇచ్చే గాబాపెంటిన్ వంటి మందు గురించి మీ పశువైద్యుణ్ణి అడగండి. మోతాదు పిల్లి బరువును, మూత్రపిండాల స్థితిని బట్టి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలను సొంతంగా ఇవ్వకండి. పిల్లి నోరు తెరిచి రొప్పుతూ ఉంటే దాన్ని మామూలు భయంగా కొట్టిపారేయకుండా వెంటనే వైద్యునికి చెప్పండి.

శిక్షణ సగంలో ఉండగా అత్యవసరంగా వెళ్లవలసి వస్తే ఏమిటన్న ప్రశ్న మీకూ వస్తుంది, మాకు వచ్చింది. అలవాటు చేస్తున్న పెట్టెను అప్పుడు వాడకండి. వేరే క్యారియర్ ఒకటి తెలిసినవారిని అడిగి ముందే తెచ్చి ఉంచుకోండి. పిల్లిని మందపాటి తువ్వాలులో చుట్టి, వెనుక కాళ్లు ముందుగా పోయేలా అందులో దింపితే పెనుగులాట తక్కువగా ఉంటుంది. మేము అలా చేయబట్టే, ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగి వచ్చిన చుక్క కాసేపు మంచం కింద కూర్చుని, చీకటి పడ్డాక మూలనున్న తన పాత పెట్టెలోకే వెళ్లి పడుకుంది.