బరంపురంలాంటి ఊళ్లో జాతీయ మహాసభ పెట్టగలమా?

2011 లెక్కల్లో మూడున్నర లక్షల జనాభా ఉన్న ఒడిశాలోని బరంపురంలో ఒక జాతీయ పార్టీ మహాసభ జరపడం అయ్యే పనేనా అని అడిగారు. అవుతుందండి. ప్రతినిధులు మూడు వేల దాకా అయితే ధైర్యంగా ఒప్పుకోండి. పదిహేను వేలంటే మాత్రం దండం పెట్టి భువనేశ్వర్ దారి చూపించండి.

ఊరు చిన్నదవడం అడ్డేమీ కాదు. కాంగ్రెస్ 1923లో కాకినాడలో, మరుసటి ఏడు బెళగాంలో జరిగింది. బెళగాంలో నీళ్లకోసం ప్రత్యేకంగా బావే తవ్వించారు. సీపీఐ 2018లో కొల్లంలో, సీపీఎం 2022లో కన్నూరులో మహాసభలు పెట్టుకున్నాయి. అమెరికాలో 2024 రిపబ్లికన్ సభ జరిగిన మిల్వాకీలో జనం ఆరు లక్షలు కూడా లేరు. కాకపోతే అక్కడ భద్రత ఖర్చుకి కేంద్ర ప్రభుత్వం 7.5 కోట్ల డాలర్లిచ్చింది. ఇక్కడ పోలీసు బందోబస్తు పోగా మిగతాదంతా ఆహ్వాన సంఘం నెత్తినే.

అందరూ ముందు హాలు గురించి కంగారు పడతారు. హాలుదేముంది, ఎకరం పైచిలుకు చదును నేల దొరికితే వేదిక, నడవలతో కలిపి మూడు వేల కుర్చీల పందిరి లేస్తుంది. అసలు చిక్కు పడకలది. ఊళ్లో లాడ్జీలు, పక్కనే సముద్రతీరంలో ఉన్న గోపాల్‌పూర్ హోటళ్లు కలిపినా చాలవు, కల్యాణ మండపాలు కావాల్సిందే. అవి దొరకాలంటే ముహూర్తాలు ఉండకూడదు. అందుకే నా ఓటు ధనుర్మాసానికి. అందులోనూ కొత్త సంవత్సరం రద్దీ గోపాల్‌పూర్‌లో తగ్గాక, సంక్రాంతి రైళ్లు నిండకముందు, అంటే జనవరి 4 నుంచి 11 లోపు. వేసవిలో కాలేజీ హాస్టళ్లు ఖాళీగా ఉంటాయన్నది నిజమే గానీ, ఆ ఎండకి పందిట్లో మనుషులు నిలవరు. పైగా రెండేళ్లకోసారి వచ్చే ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర కూడా అప్పుడే. అక్టోబరు ఊసెత్తకండి. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది అక్టోబరు 12న, గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ కూడా అక్టోబరులోనే పక్కనున్న శ్రీకాకుళం తీరాన్ని తాకింది.

జనవరికీ ఒక లోపం ఉంది. పొగమంచుకి ఢిల్లీ వైపు రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. ఉత్తరాది వాళ్లని ఒక రోజు ముందే రమ్మనండి. విమానంలో వచ్చేవాళ్లు భువనేశ్వర్‌లో దిగి జాతీయ రహదారి 16 మీద 170 కిలోమీటర్లు రావాలి, మూడు గంటలు వేసుకోండి. చెన్నై నుంచి, హౌరా దగ్గరి శాలిమార్ నుంచి కోరమండల్, ముంబై నుంచి కోణార్క్ ఉన్నాయి. సూరత్ రైళ్ల మీద ఆశ పెట్టుకోకండి, అవి మన గంజాం జిల్లా కూలీలతోనే కిటకిటలాడతాయి. బోగీ మొత్తం కావాలంటే నెల ముందు కాదు, నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

గోపాల్‌పూర్‌లో పదిహేను వందల మందిని దింపారనుకుందాం. దూరం 16 కిలోమీటర్లు. నలభై సీట్ల బస్సులు ఇరవై, ఒక్కోటి రెండు ట్రిప్పులు వేస్తే కాగితం మీద సరిపోతుంది. కానీ ఏడు గంటల ట్రిప్పుకి ఎవరూ రారు, ఎనిమిదిన్నరకి అందరూ ఒకేసారి మెట్లు దిగుతారు. దీనికి మందు ఒకటే: టిఫిను హోటల్లో పెట్టకండి, సభాస్థలిలోనే పెట్టండి. ఆకలేసినవాడు మొదటి బస్సెక్కుతాడు. అయినా నాలుగు బస్సులు అదనంగా ఉంచుకోండి.

వాలంటీర్లు, విలేకరులు, డ్రైవర్లతో కలిపి తినేవాళ్లు నాలుగు వేలు అవుతారు. పూటకి బియ్యం ఐదు క్వింటాళ్లు, పప్పు రెండు, కూరగాయలు ఎనిమిది. వచ్చినవాళ్లలో చాలామందికి ఉసునా (ఉప్పుడు) బియ్యం అలవాటు ఉండదు, పచ్చి బియ్యమే తెప్పించండి. అన్నం గాడిపొయ్యి మీద గుండిగల్లో సులువుగా దిగిపోతుంది. దెబ్బ కొట్టేది రొట్టె. పదిహేను వందల మంది తలా నాలుగు తిన్నా ఆరు వేలు, రెండు క్వింటాళ్ల పిండి. మన వంటవాళ్లకి ఆ వేగం రాదు. రొట్టెల బృందాన్ని విడిగా మాట్లాడండి, వాళ్ల పొయ్యిలూ విడిగా ఉండాలి. లేకపోతే రొట్టెల వరస దగ్గరే భోజనాల గంట రెండు గంటలవుతుంది, మధ్యాహ్నం తీర్మానాలకి సగం కుర్చీలు ఖాళీ.

సభాస్థలికి మనిషికి 20 లీటర్ల చొప్పున రోజుకి 80 వేల లీటర్ల నీళ్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. మరుగుదొడ్లు యాభై మందికి ఒకటి, ఆడవాళ్లవి వేరే దారిలో. వాటిని కడిగే మనుషుల్ని షిఫ్టులవారీగా పెట్టకపోతే ఎన్ని కట్టినా పదకొండింటికల్లా వాడుకకి పనికిరావు.

కరెంటుకి తాత్కాలిక కనెక్షన్ తీసుకున్నా, మైకుకీ తెరలకీ జనరేటరు వేరుగా ఉంచండి. మోటారు వేసినప్పుడల్లా వోల్టేజీ పడి మైకు గురగురమంటుంది.

అనుమతుల కోసం తిరిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎస్పీ ఆఫీసు బరంపురంలోనే ఉంది, కలెక్టరేటు ఛత్రపూర్‌లో. జెడ్ ప్లస్ భద్రత ఉన్న నాయకుడొస్తే భద్రతావాళ్లు ముందే వచ్చి వేదిక, హెలిప్యాడ్, వెనుక దారి అన్నీ చూస్తారు. వేదిక వెనక కార్ల దారి అడ్డుకునేలా వంటశాల కడితే, సభకి ముందు రోజు పీకించేస్తారు.

ముగింపు బహిరంగ సభ మాత్రం అదే మైదానంలో పెట్టొద్దు. అస్కా, దిగపహండి, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం నుంచి జనం బస్సులొచ్చే సాయంత్రమే ప్రతినిధులు స్టేషనుకి బయల్దేరతారు. మైదానం ఊరికి రెండో వైపున చూడండి, స్టేషను దారిలో సాయంత్రం నాలుగు తర్వాత జనం బస్సుల్ని రానివ్వొద్దని ట్రాఫిక్ పోలీసులతో ముందే రాయించుకోండి.