సెప్టిక్ ట్యాంక్ నీటిని వీధి కాలువలోకి వదలొచ్చా?

శ్రీకాకుళంలో ఇల్లు కడుతున్నామని, సెప్టిక్ ట్యాంక్ నీటిని వీధి కాలువలో కలిపెయ్యమని మేస్త్రి అంటున్నాడని, అది సరైనదేనా అని అడిగారు. కలపొద్దండి. మా ఇంట్లో పదకొండేళ్లు అదే పని చేశాం.

మా మేస్త్రి కూడా "ట్యాంకులో అంతా కరిగిపోతుంది, బయటికొచ్చేది తేట నీరే" అన్నాడు. నమ్మాం. ఒక కార్తీక సోమవారం నాన్నని కోటేశ్వరస్వామి గుడి దగ్గర నాగావళికి స్నానానికి తీసుకెళ్లాను. ఒడ్డు వెంట కొంచెం పైకి నడిస్తే ఒక మదుములోంచి నల్లటి నీరు ఇసుకలోకి దిగుతోంది. ఇంకోరోజు ఆ కాలువ పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయాను. తిరిగి తిరిగి మా వీధి చివరికే వచ్చింది. నాన్న మునిగిన నీళ్లలో మా ఇంటి మురుగు కూడా ఉందన్నమాట. ఆ పూట అన్నం సయించలేదు.

సెప్టిక్ ట్యాంక్ చేసేది సగం పనే. బరువైనది అడుగున పేరుకుంటుంది, పైన తేట బయటికి పోతుంది. రోగాలు తెచ్చే క్రిములు, అమ్మోనియా, కుళ్లే పదార్థం చాలావరకు ఆ తేటలోనే ఉంటాయి. ఆ కుళ్లు ఎంత ఆక్సిజన్‌ని తినేస్తుందో చెప్పే కొలతే బీఓడీ. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకు తేటలో 100 దాటడం మామూలే. అంటే ఒక బిందె తేటకి ముప్పై బిందెల పైనే మంచినీరు కలవాలి. ఎండాకాలంలో నాగావళి చూశారుగా, ఇసుక మధ్య పాయలే మిగులుతాయి. ఆ ఇసుకలోని ఊటబావుల నీళ్లే తాగే ఊళ్లు మన జిల్లాలో ఉన్నాయి. ఇసుక బురదని ఆపుతుంది కానీ అమ్మోనియా నుంచి తయారయ్యే నైట్రేట్‌ని ఆపలేదు.

శుద్ధి కేంద్రాలు చూసుకుంటాయిలే అనుకోకండి. దేశంలోని పట్టణాల్లో రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి అవుతున్నది 2,024 కోట్ల లీటర్లేనని 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క చెప్పింది.

మేం కాలువలోకి వెళ్లే పైపు మూసేసి, పెరట్లో సోక్ పిట్ (ట్యాంకు తేటని నేలలోకి ఇంకించే గుంత) తీయించాం. తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. వాననీటి ఇంకుడు గుంతలో మాత్రం దీన్ని కలపొద్దు. తవ్వితే ఊట వచ్చే నేలైతే సోక్ పిట్ పనిచెయ్యదు, ముందే ఇంజనీరుకి చూపించండి.

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు అడుగున పేరుకున్నది తీయించాలి. బండిని పిలిచేముందే ఎక్కడ పోస్తారో అడగండి. మాకు మొదట వచ్చినతను "ఊరి బయట గెడ్డలో" అన్నాడు. ఆ గెడ్డ కూడా చేరేది నదికే. తిప్పి పంపేసి, శుద్ధి చేసే చోటికే తీసుకెళ్తామన్న బండి కోసం నాలుగు రోజులు ఆగాం. మనిషిని మాత్రం ట్యాంకులోకి దిగనివ్వకండి. లోపలి గ్యాస్‌కి నిమిషాల్లో ప్రాణం పోతుంది, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం నేరం కూడా.

మీది ఇంకా పునాదుల దశే కాబట్టి సోక్ పిట్‌కి ఇప్పుడే చోటు వదలండి. మేం ఆలస్యంగా మేలుకున్నాం, అమ్మ నాటిన కొబ్బరిచెట్టు కొట్టేయాల్సి వచ్చింది.