గిఫ్టు కార్డు కొనేముందు జర ఆగు తమ్మీ

మీ అక్క కొడుకు నల్లగొండల ఇంజినీరింగుల చేరిండు, ల్యాప్‌టాప్‌ల వేసుకునే సాఫ్ట్‌వేర్ ఏదన్న ఇక్కడ అమెరికానుంచే కొనియ్యాలె అని రాసినవ్. మనసు మంచిదే. కానీ కొత్తగ వచ్చినోళ్లకు డాలరు ఎట్ల కరిగిపోతదో ఇంకా తెల్వదు. అందుకే చెప్తున్న.

నేను వచ్చిన కొత్తల దేవరకొండల మా మేనకోడలు పుట్టినరోజని 50 డాలర్ల గిఫ్టు కార్డు కొన్న. వెనక పొర గీకి, కోడు ఫొటో తీసి వాట్సాప్‌ల పంపిన. పిల్ల సంబురంగ కోడు కొట్టి చూస్తే మీ దేశంల చెల్లదని వచ్చింది. కార్డు అమెరికాది, పిల్ల అకౌంటు ఇండియాది. గీకిన కార్డు దుకాణంల వాపసు తీసుకోలె. అప్పట్ల ఆ పైసలు నాకు వారం సరుకులు. మా అక్క "పోనీలేరా, యాది చేసుకున్నవ్ గదా" అన్నది గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలె.

ఇంకోసారి బావ కంప్యూటరుకు ఏడాది యాంటీవైరస్ నా కార్డు మీద కొనిచ్చిన. ఏడాది తిరగంగనే అడగకుండనే మళ్ల పైసలు కోసిండ్రు. మొదటి ఏడు తగ్గింపు ధర, రెండో ఏడు పూర్తి ధర. బావ అప్పటికే ఆ కంప్యూటరు అమ్మేసిండు. కొన్ననాడే ఆటో రెన్యువల్ ఆపెయ్యాలె, ఇది రాసి పెట్టుకో.

కార్డుల నియమాలు అవి అమ్మే కంపెనీల సైట్లల్ల ఉంటయి, చూసుకో. ఆపిల్, గూగుల్ ప్లే కార్డులు కొన్న దేశం అకౌంటులనే పనిచేస్తయి. కంప్యూటరు గేములు అమ్మే స్టీమ్ సైటుల గేము కొని పంపుదామన్నా, రెండు దేశాల ధరల్ల తేడా ఎక్కువుంటే పోనియ్యదు.

అసలు కొనే పనే ఉండకపోవచ్చు. పిల్లగాడు సివిలో మెకానికలో అయితే, చదువుకునేటోళ్లకు ఆటోకాడ్ అనే నక్షలు గీసే సాఫ్ట్‌వేర్ ఏడాదికి ఉచితంగ ఇస్తరు, చదువు నడిచినన్ని రోజులు ఏటా పొడిగించుకోవచ్చు. కాలేజీ పేరు మీద ఈమెయిల్ ఉంటే వర్డు, ఎక్సెల్ వెబ్‌ల ఉచితంగ దొరుకుతయేమో కాలేజీల అడగమను. లేకుంటే వర్డు, ఎక్సెల్ లెక్కనే పనిచేసే లిబ్రెఆఫీస్ ఉన్నది, పైస ఖర్చు లేదు. ఇవేం తెలుసుకోకుండ డాలర్లు పెట్టేటోళ్లను ఇక్కడ మస్తుమందిని చూసిన.

కొనక తప్పదంటే మీ అక్క ఖాతాల రూపాయలెయ్యి, వాడే అక్కడ కొనుక్కుంటడు. బిల్లు వాని పేరు మీద, అకౌంటు వాని చేతుల ఉంటది. ఇట్ల పైస పైస చూసుకునే నేను ఇక్కడ ఇల్లు కొన్న, ఊళ్లె చెల్లె పిల్లల ఫీజులు కడుతున్న.

ఇంకొకటి. పన్ను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం, గిఫ్టు కార్డు కోడు చెప్పు అని ఎవడన్న ఫోన్ చేస్తే వాడు దొంగ. ఏ ప్రభుత్వమూ గిఫ్టు కార్డులల్ల పన్ను తీసుకోదు. వెంటనే ఫోన్ పెట్టెయ్యి. ముందైతే పిల్లగాడు ఏ బ్రాంచో కనుక్కొని రాయి, అప్పటిదాంక ఏం కొనకు.