బెంగళూరులో కారెక్కే ముందు

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని, వైట్‌ఫీల్డ్‌లో హాస్టల్ కూడా కుదిరిందని మీ నాన్న చెప్పాడు. తెలియని ఊళ్లో ఓలా, ఉబర్ కార్లలో ఒంటరిగా ఎలా తిరుగుతావోనని మీ అమ్మకు బెంగగా ఉన్నదట. బెంగళూరు పీణ్యాలో పనిచేసిన కాలం నుంచి ఆ ఊరి రోడ్లు నాకు పరిచయమే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. కారెక్కిన తరువాత మన చేతిలో ఉండేది చాలా తక్కువ కాబట్టి, జాగ్రత్తలో ముప్పాతిక భాగం ఎక్కకముందే పూర్తి కావాలి.

మొదట చిరునామా సంగతి చూసుకో. బెంగళూరులో ఇళ్ల చిరునామాలు మెయిన్, క్రాస్ అంకెలతో నడుస్తాయి. ఐదో క్రాస్ అన్నది జయనగర్‌లో ఉంటుంది, కోరమంగళలో ఉంటుంది, నువ్వు పేరైనా వినని లేఅవుట్లలోనూ ఉంటుంది. వాటి మీద మళ్లీ బ్లాకులు, స్టేజీలు, సెక్టార్లు. యాప్‌లో క్రాస్ నంబరు కొట్టి ముందు కనిపించినదాన్ని నొక్కితే ఊరికి అవతలి కొసన దిగవలసి వస్తుంది. అందుచేత హాస్టల్ వాళ్లనే లొకేషన్ పంపమని అడిగి, దాన్ని మ్యాప్‌లో తెరిచి, పక్కన ఏ గుడి, ఏ ఆసుపత్రి ఉన్నదో చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఛార్జింగ్ అయిపోయిన ఫోను ఏ దారీ చూపదు.

అనంతపురం నుంచి వెళ్లే బస్సు 44వ జాతీయ రహదారి మీద దేవనహళ్లి దాటి, హెబ్బాళ మీదుగా ఊరి నడిమధ్య ఉన్న మెజెస్టిక్ బస్టాండు చేరుతుంది. వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లేవాళ్లు చాలామంది హెబ్బాళలోనే దిగి, ఔటర్ రింగ్ రోడ్డు వెంట క్యాబ్‌లో పోతారు. పగటిపూట అది మంచి దారే. అయితే రాత్రి బస్సులు ఒక్కోసారి తెల్లవారకముందే చేరతాయి. ఆ చీకట్లో ఫ్లైఓవర్ దగ్గర సామానుతో కారు కోసం నిలబడటం నాకు సమ్మతం కాదు. మెజెస్టిక్ దాకా వెళ్లి, మెట్రో మొదలయ్యే వరకు బస్టాండులో జనం మధ్య కూర్చుని, పర్పుల్ లైన్ ఎక్కితే రైలు మారే పని లేకుండా వైట్‌ఫీల్డ్‌లో దిగుతావు. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుందని గుర్తుంచుకో. కారు అవసరం ఆ స్టేషన్ నుంచి హాస్టల్ వరకే. తరువాత కూడా దూరమంతా మెట్రోకు వదిలి, చివరి కిలోమీటర్లకే కారు వాడుకుంటే సాయంత్రాలు మారతహళ్లి, సిల్క్ బోర్డు రద్దీలో కరిగిపోకుండా ఉంటాయి.

బుక్ చేసిన వెంటనే డ్రైవరు ఫోన్ చేసి, ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా అని అడగడం అక్కడ మామూలు. బేరం నచ్చకపోతే నిన్నే క్యాన్సిల్ చేయమంటాడు. తొందరపడి చేశావంటే రుసుము నీ నెత్తిన పడవచ్చు. అతడినే చేయమని మర్యాదగా చెప్పు. కారు వచ్చాక నంబరు చివరి అంకెలతో సరిపెట్టుకోకుండా మొత్తం పోల్చి చూడు. అద్దెకు తిరిగే కారుకు పసుపు పలక మీద నల్ల అక్షరాలు, ఎలక్ట్రిక్ క్యాబ్‌కు ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల బోర్డు ఉంటే అది సొంత వాడకపు కారు, వస్తే ఎక్కవద్దు. నీ పేరు నువ్వు చెప్పకుండా, బుకింగ్ ఎవరి పేరు మీద ఉన్నదో అతడిని అడుగు. అన్నీ సరిపోయాకే ఓటీపీ చెప్పి, వెనుక సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ప్రయాణం లింకును మీ నాన్నకు పంపు. ఏ మాత్రం అనుమానం వచ్చినా 112కు ఫోన్ చేయడానికి మొహమాటపడకు.

ఛార్జీల విషయానికి వస్తే, రద్దీ వేళల్లో మూల ఛార్జీకి రెండింతల వరకు తీసుకోవచ్చని కేంద్రం 2025 జూలై మార్గదర్శకాలలో వీలు కల్పించింది. వాన పడుతుండగా బుక్ చేసి వాపోవడం కంటె ఆఫీసులోనే కాసేపు ఆగడం మేలు. ఆటో మీటరు 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. రాత్రి పది దాటితే ఒకటిన్నర రెట్లు. మీటరు వేసే ఆటో దొరకడం మాత్రం నీ అదృష్టం.

పండుగలకు ఇంటికి రావడానికి బ్లాబ్లాకార్ అనే యాప్ గురించి స్నేహితులు చెబుతారు. అందులో సొంత కారు ఉన్నవాళ్లు తోటి ప్రయాణికులతో ఖర్చు పంచుకుంటారు కనుక వచ్చేది తెల్ల బోర్డు కారే. నేను పైన చెప్పిన పలక పరీక్ష అక్కడ పనికిరాదు. ఐడీ ధ్రువీకరణ, మునుపటి ప్రయాణికుల అభిప్రాయాలు చూసి, కారులో మరో స్త్రీ ఉంటేనే, అదీ పగటిపూట మాత్రమే ఒప్పుకో. ఎక్కే చోటుగా హాస్టల్ గుమ్మం చెప్పకుండా ఏదైనా మెట్రో స్టేషన్ చెప్పు. మొదటి కొన్ని నెలలు మాత్రం బస్సులోనే రా. టికెట్టు డబ్బు నేను పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న