అత్తమ్మ సందుగకు జాగ ఎక్కడ?

ప్రశ్న: మాది హన్మకొండ. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయన ప్రభుత్వ టీచర్, నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇన్నేళ్లూ చిన్న అద్దింట్లో ఇరుక్కుని ఉన్నాం. నా పట్టుచీరలు ఇప్పటికీ మంచం కింద సూట్‌కేసుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు హసన్‌పర్తి దగ్గర 167 గజాల్లో సొంతిల్లు కడుతున్నాం. గోడలు లేస్తున్నాయి, ఇంకా తలుపులు, కిటికీల పైన పోసే లెంటల్ దాకా రాలేదు. మామయ్య పోయినప్పటి నుంచి మా అత్తమ్మ మా దగ్గరే ఉంటున్నారు. పరకాల దగ్గరి ఊళ్లో పెంకుటిల్లు కురుస్తోందని, అక్కడి సామానంతా కొత్తింటికి తెస్తానంటున్నారు. కర్ర సందుగ, ఇత్తడి బిందెలు, గంగాళాలు, పెళ్లిళ్ల డేగిసాలు, జంపఖానాలు, ఇసుర్రాయి, ఒకటి కాదు. అన్ని గదుల్లో సామాను పైకెక్కించే సజ్జలు పోయించాలట, వంటింటి పక్కన సామాన్ల అర్ర ఉండాలట. నాకేమో మాడ్యులర్ కిచెన్, గోడలో కలిసిపోయే వార్డ్‌రోబ్‌లు, ఖాళీగా కళకళలాడే ఇల్లు కావాలి. “ఇంత పెద్దిల్లు కడుతున్రు, నా సందుగ పెట్టేటందుకు జాగ లేదా?” అని ఎవరొచ్చినా వాళ్ల ముందు అంటున్నారు. మా ఆయన “మీరిద్దరే తేల్చుకోండి” అని తప్పుకున్నారు. మొన్న దసరాకు ఇల్లు సర్దుతూ ఒక పాత గంగాళం కొట్లో ఇచ్చి స్టీలు డబ్బాలు తెచ్చాను. అప్పటి నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మేస్త్రి సంగతి చూద్దామమ్మా. సజ్జలు మామూలుగా లెంటల్‌తో పాటే, ఏడడుగుల ఎత్తులో పోస్తారు. ఆ సెంట్రింగ్ కొట్టేలోపు మీ ఇంట్లో మాట ఒకటి కావాలి. తర్వాత మనసు మారితే గోడ తొలిచి కడ్డీలు గుచ్చాలి, అది మేస్త్రికీ ఇష్టముండదు, గోడకూ మంచిది కాదు.

సజ్జల విషయంలో నేను మీ వైపే. పదడుగుల గదిలో ఏడడుగుల దగ్గర సజ్జ వస్తే పైన రెండున్నర అడుగుల పైచిలుకు మిగులుతుంది. అందులోకి ఎక్కేదెవరు? అత్తమ్మ ఎక్కలేరు, మీకు తీరిక ఉండదు, మీ వారు వచ్చే ఆదివారం అంటారు. పైకెక్కిన వస్తువు ఇక ఇంట్లో లేనట్టే. మా ఇంట్లో బాగా జాగ వస్తుందని మూడడుగుల లోతు సజ్జ పోయించుకున్నాం. మొన్న దాని చివరి మూల నుంచి మా పెద్దోడి ఉయ్యాల బయటపడింది. వాడికిప్పుడు ఉద్యోగం. చెయ్యి అందేది రెండడుగులే, అంతకు మించి పోయించకండి. పై అంతస్తు లేని గదిలో సజ్జ మే నెలలో పొయ్యిలా ఉంటుంది, ప్లాస్టిక్కూ మందులూ అక్కడ పెట్టకూడదు. రెండు పడకగదుల్లో చెరొకటి చాలు. బతుకమ్మ పేర్చే సిబ్బి, తాంబాలాలు, దుప్పట్ల మూటలు, ఏడాదికోసారి దించేవే అందులోకి వెళ్లాలి.

అర్ర విషయంలో మాత్రం మీ అత్తమ్మ చెప్పిందే సరైనది. మాడ్యులర్ కిచెన్ బొమ్మలు ఎన్నో చూసి ఉంటారు కదా, ఒక్కదాంట్లోనైనా బియ్యం బస్తా కనిపించిందా? ఆ సొరుగులు కిలో ప్యాకెట్లు కొనుక్కునేవాళ్ల కొలతలు. మన ఇళ్లల్లో ఎండాకాలం రాగానే ఏడాది గాసం మొదలవుతుంది. ఎండుమిర్చి, పసుపు, చింతపండు, కందిపప్పు, మామిడికాయ తొక్కుల జాడీలు. మీరు ఐదుగురు, బియ్యమే నెలకు 25 కిలోల బస్తాలు ఒకటిన్నర, రెండు పడతాయి. అవి పెట్టే చోటు ప్లానులో లేకపోతే ఫ్రిజ్ పక్కన, డైనింగ్ టేబుల్ కింద, చివరికి హాల్లో సోఫా వెనక చేరతాయి. మీరు కోరుకున్న ఖాళీ ఇల్లు ఆరు నెలలు కూడా ఉండదు. మీకు నచ్చిన వంటిల్లు అలాగే ఉండాలంటే దాని వెనక ఆ అర్ర ఉండాలి. ఈ మాట మీరే అత్తమ్మతో అంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు సరిపోతుంది. 167 గజాలంటే 1503 చదరపు అడుగులు, అందులో ముప్పై. ఇల్లు పిల్లర్లతో లేస్తున్నట్టయితే వంటింటి వైపు నాలుగున్నర అంగుళాల గోడ ఒకటి అడ్డం పెట్టించుకోవచ్చు. ఇంజినీర్‌ను అడిగే చేయించండి. లోపల మూడు వైపులా కడప బండ అరలు, లోతు పదిహేను అంగుళాలు. అంతకన్నా లోతైతే ముందు వరస వెనక ఏముందో మరిచిపోయి మళ్లీ కొంటాం. కింది బండ నేలకు అడుగున్నర ఎత్తున రావాలి. బియ్యం, పప్పులు దాని మీద, ఇత్తడి సామానూ ఇసుర్రాయీ దాని కింద. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు నేల మీది బస్తాలు ఏమయ్యాయో మీకు తెలియంది కాదు. ఇత్తడి బిందెకు నీళ్లంటే భయం లేదు. అర్రకు జాలీ వేసిన చిన్న కిటికీ ఉండాలి, బాత్రూం గోడను ఆనుకుని మాత్రం ఉండకూడదు. చెమ్మ దిగిందంటే కారం గడ్డ కడుతుంది. మీ వార్డ్‌రోబ్‌ల సంగతీ అంతే. బాత్రూం గోడకు బిగిస్తే రెండు వానాకాలాల్లో వెనక చెక్క ఉబ్బుతుంది.

వార్డ్‌రోబ్ అన్నాను కనుక, మీ గదిలో గోడ పొడవునా ఒకటి చేయించుకోండి. లోతు రెండడుగులకు తగ్గితే హ్యాంగర్ అడ్డంగా పట్టదు. దాంట్లో సగం మీ ఒక్కరిదే అని ముందే చెప్పండి. పదకొండేళ్లు చీరలు మంచం కింద దాచుకున్న మనిషి ఆ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

సందుగ అర్రలోకి కాదు, అత్తమ్మ గదిలోకి వెళ్లాలి. మంచం కాళ్ల వైపు, పొద్దున లేవగానే కనిపించేలా. పెద్దావిడ వాస్తు మాట ఎత్తితే నైరుతిలో బరువుండాలనే అంటారు కనుక ఆమె గది ఆ మూలన వస్తే మరీ మంచిది. టేపు తీసుకెళ్లి సందుగ కొలిచి, ఆ గది దర్వాజ వెడల్పు చూసుకోండి. చౌకట్లు బిగించాక సందుగ లోపలికి పట్టడం లేదంటే ఆ రోజు మీ ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. జంపఖానాలు అందులోనే వేపాకు వేసి పెట్టుకోవచ్చు, కానీ ఒకటి బయటికి తీసి కొత్త హాల్లో పరచండి. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు సామాను అంటున్న దాన్ని ఇంకొకళ్లు షోరూంలో వెతుక్కుని కొంటున్నారు.

ఇక మిగిలింది డేగిసాలు. ఇప్పుడు పెళ్లిళ్లకు క్యాటరింగ్ వాళ్లే తెచ్చుకుంటారు, మీ ఇంట్లో వాటికి పని లేదు. ఒక ఆదివారం ముగ్గురూ కలిసి ఊరికి వెళ్లండి. ప్రతి వస్తువునూ అత్తమ్మే చేతిలోకి తీసుకుని చెప్పాలి, మీరు కాగితం మీద రాసుకోవాలి, అంతే. “ఇదెందుకు అత్తమ్మా” అనే మాట ఆ రోజు మీ నోట రాకూడదు. ఆడబిడ్డలుంటే వాళ్లకేం కావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డేగిసాల మీద మామయ్య పేరు చెక్కించి ఊళ్లో గుడికో, కుల సంఘానికో ఇద్దామా అని అడగండి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. అడగాల్సింది మాత్రం మీరు కాదు, మీ వారు. అన్ని గదుల్లో సజ్జలు వద్దని చెప్పాల్సిందీ ఆయనే. బళ్లో నలభై మంది పిల్లలకు నచ్చజెప్పే మనిషి కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి “మీరే తేల్చుకోండి” అంటే ఎట్లా? కోడలు వద్దంటే అది ఒక తీరు, కొడుకు వద్దంటే ఇంకో తీరు. ఈ జవాబు ఆయనకు చూపించండి, నా మీద కోపం వచ్చినా ఫర్వాలేదు.

చివర్లో గంగాళం గురించి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ ముక్కనే. పాత రోజుల్లో పెళ్లికి పెట్టిన ఇత్తడి సామాను అంచు మీద పేర్లు చెక్కించేవారు. ఇచ్చినవాళ్ల పేరో, పిల్ల పేరో, ఒక్కోసారి తారీకు కూడా. కొట్లో ఇచ్చేముందు మీరు దాని అంచు చూశారా? చూడలేదనే అనుకుంటున్నాను, చూసుంటే ఇచ్చేవారు కాదు. ఆ పూట మీరేదో ఇత్తడి ఇచ్చి స్టీలు తెచ్చానని లెక్క వేసుకున్నారు. ఆవిడ ఏం లెక్క వేసుకున్నారో మనకు తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. “మొన్న నిన్ను అడగకుండా ఇచ్చేసిన, తప్పైంది అత్తమ్మా, అది ఎవరు పెట్టింది?” అని అడగండి. ఆమె చెప్పేదాకా కూర్చోండి.

దానికన్నా ముందు ఆ కొట్టు దాకా ఒకసారి వెళ్లి రండి. దసరా దాటి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. పాత ఇత్తడి పోగయ్యేదాకా వెనక గదిలో పడేసి ఉంచే కొట్లు కొన్ని ఉంటాయి, కరగడానికి పంపకపోతే దొరకొచ్చు. తూకానికి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినా బేరమాడకండి.